ముందు కళ్ళు, తర్వాత కోడ్

మన క్లాసులో ఏ సమస్య చెప్పినా ఇప్పుడు ఒకటే జవాబు: "దానికో మోడల్ ట్రైన్ చేసేస్తే అయిపోద్దిరా!" నాకు ఈ మాటతోనే పేచీ. మోడల్ వద్దని కాదు. దానికి నేర్పించేముందు మనలో ఒక్కరైనా ఆ వస్తువుని సరిగ్గా చూశారా అని. నా దగ్గర దీనికో ఉదాహరణ ఉంది: ఒకే స్టాంపుని మళ్ళీ మళ్ళీ సేకరించేవాళ్ళు. పిచ్చిలా ఉందా? వినండి.

ప్రపంచంలో మొదటి తపాలా బిళ్ళ పెన్నీ బ్లాక్. 1840లో బ్రిటన్‌లో వచ్చింది. బొమ్మని ఒక ఉక్కు దిమ్మ మీద చెక్కి, దాన్ని రోలర్ మీదకి ఎక్కించి, ఆ రోలర్‌తో ప్లేటు మీద 240 సార్లు నొక్కారు. మన భాషలో కాపీ పేస్ట్ అన్నమాట. కానీ కింది రెండు మూలల్లో 'ఏఏ' నుంచి 'టీఎల్' దాకా ఉండే అక్షరాలు మాత్రం చేత్తో కొట్టినవి. ఒక ప్లేటులో అక్షరం కాస్త ఎడమకి జరిగితే, ఇంకో ప్లేటులో కాస్త కిందకి దిగుతుంది. స్టాంపు 11 ప్లేట్లలో దేనిదో ఆ తేడాయే చెప్తుంది. మొత్తం 6 కోట్ల 80 లక్షల పైచిలుకు పెన్నీ బ్లాక్‌లలో 11వ ప్లేటువి 1,68,000 మాత్రమే. పక్కపక్కన పెడితే ఒకేలా ఉండే రెండు స్టాంపుల ధరల మధ్య అంత దూరం అందుకే.

ఇక మన వైపుకి వద్దాం. 1870 నాటికి మన ఒంగోలు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉంది. ఇక్కడి ఉత్తరాలకి బ్రిటిష్ ఇండియా స్టాంపులే. పల్నాడు దాటి కృష్ణ అవతలకి వెళ్తే నిజాం రాజ్యం, అక్కడ తపాలా వేరు, స్టాంపులు వేరు. 1869లో వచ్చిన నిజాం మొదటి అణా స్టాంపుకి ప్లేట్లు లండన్‌లో తయారయ్యాయి. మరుసటి ఏడాది వచ్చిన అర అణా, రెండణాల స్టాంపులు మాత్రం స్థానికంగా చెక్కించినవి. సేకరించేవాళ్ళు వీటిని 'స్కెలిటన్' అంటారు. వీటిలో ఒక్కో విలువకి 240 రకాలు! అంటే కాపీ పేస్ట్ లేదు. ఒక దాంట్లో గీత వంకర, ఇంకో దాంట్లో అక్షరం లావు.

వీటి మూలల్లో పెన్నీ బ్లాక్ లాగా అక్షరాలు లేవు. మరి ఏ బిళ్ళ షీటులో ఎక్కడిదో ఎలా తెలుస్తుంది? చింపకుండా జంటగా మిగిలినవి కావాలి. ఒక జంటలో 'క' పక్కన 'చ' ఉంది. ఇంకో జంటలో 'చ' పక్కన 'ట' ఉంది. అంటే మూడూ వరసగా ఉన్నట్టే. అంచు కాగితం అంటుకుని ఉన్న బిళ్ళ దొరికితే ఆ వరస ఎక్కడ మొదలైందో తెలుస్తుంది. డేటా స్ట్రక్చర్స్‌లో మనం బట్టీ పట్టే గ్రాఫ్ ఇదేగా! నోడ్లు, ఎడ్జ్‌లు. కంప్యూటర్ లేని రోజుల్లోనే స్టాంపుల వాళ్ళు లెన్స్ పట్టుకుని ఈ పని చేసేశారు.

"ఏఐకి ఇస్తే రెండు సెకన్ల పని" అంటారా? ఏం ఇస్తారు? స్కాన్లు ఇస్తారు. వాటికి లేబుళ్ళు ఎవరు పెడతారు? ఇంకు ఎక్కువ పడినా, ముద్ర అడ్డొచ్చినా, కాగితం పసుపెక్కినా మోడల్‌కి అదీ తేడాయే. దానికి మనం చెప్పాల్సిన సూత్రం చాలా చిన్నది: మచ్చ ఒక్క ప్రతిలోనే ఉంటే బహుశా అది ఇంకు మరక. వేర్వేరు ప్రతుల్లో సరిగ్గా అదే చోట కనిపిస్తే అది ప్లేటులోదే. ఈ సూత్రం లెన్స్ పట్టుకుని కూర్చున్నవాళ్ళకి తెలుస్తుంది. కూర్చోనివాళ్ళు మరకలకి పేర్లు పెట్టి, తొంభై శాతం యాక్యురసీ వచ్చిందని పండగ చేసుకుంటారు.

మన ఊళ్ళో పొగాకు వేలం చూసినవాళ్ళకి ఇది కొత్త కాదు. నాకూ మీకూ అన్నీ ఎండిన ఆకులే. గ్రేడు కట్టే మనిషికి మాత్రం దేని దారి దానిదే. ఆ కన్ను ఏళ్ళ తరబడి ఆకు తిప్పి తిప్పి చూస్తే వచ్చింది.

ఇంకో మాట. ఆ బిళ్ళల మీద చెక్కినవాళ్ళ పేర్లు లేవు. వాళ్ళ చేయి ఎక్కడ ఆగిందో, ఎక్కడ జారిందో ఆ 240 తేడాల్లోనే ఉంది. వాటిని 'నాయిస్' అని స్మూత్ చేసి పారేస్తే వాళ్ళు ఇంకోసారి మాయమైపోతారు. నాకు అది న్యాయం అనిపించడం లేదు.

అందుకే మన క్లబ్‌కి ఒక ప్రతిపాదన. అసలు స్కెలిటన్లు మన పాకెట్ మనీకి అందవు. 1871 నుంచి వచ్చిన నిజాం అర అణా బిళ్ళలు మాత్రం చౌకగానే దొరుకుతాయి. చూపు అలవాటు కావడానికి అవి చాలు. ఒక సెమిస్టర్ పాటు కోడ్ ముట్టుకోకుండా, కనిపించిన ప్రతి తేడానీ తెలుగులో రాసి పెడదాం. వంకర, చీలిక, చుక్క, తెగిన గీత... మాటలకేం కరువు లేదు. మోడల్ సంగతి ఆ తర్వాత చూద్దాం.

లెన్స్ నా దగ్గరుంది. మంచి స్కానర్ ఎవరి దగ్గరుంది?