తల్లిపిట్ట

అమెరికా సంయుక్త రాష్ట్రములలో టెన్నెసీ యను రాష్ట్రము కలదు. దాని తూర్పు భాగమున, కొండల చేరువ, మారిస్‌టౌన్ అను చిన్న పట్టణము. ఆ పట్టణపు విమానాశ్రయమునకు 1953వ సంవత్సరము మొదలుకొని అర్ధశతాబ్దికి మించి అధికారిణిగా నుండి, వేలకొలది మందికి విమానము నడపుట నేర్పిన యొక స్త్రీని గూర్చి యీ మాసమున ముచ్చటింప దలచితిమి. ఆమె పేరు ఎవెలిన్ బ్రయన్ జాన్సన్. శిష్యులు మాత్రము ఆమెను ‘మామా బర్డ్’ అని పిలిచెడివారు. మనము తల్లిపిట్ట యనుకొందము.

సముద్రములు దాటిన సాహసవంతురాండ్రను గూర్చి పత్రికలు తఱచుగా వ్రాయుచునే యున్నవి. ఈమె కీర్తి యట్టిది కాదు. దినదినమును ఒక్క మైదానము మీదినుండియే లేచి, తిరిగి యా మైదానముననే దిగుచు, ప్రక్కన నొక బెదరిన శిష్యుని కూర్చుండబెట్టుకొని కాలము గడపినది. బడిపంతులుగారి యింట కాపురము చేయుచున్న మాకు అందుచేతనే యీమె యనిన నంత మక్కువ. ఒక్క పాఠమునే వేయిమార్లు చెప్పుటలోని విసుగును మేమెఱుగుదుము. వేయిన్నొకటవ మారు విసుగులేక చెప్పువారెంత యరుదో యదియు నెఱుగుదుము.

ఆమె 1909వ సంవత్సరము నవంబరు 4వ తేదీన కెంటకీ రాష్ట్రములోని కార్బిన్ అను నూర జన్మించెను. చదువు ముగించి కొంతకాలము పాఠశాలలో ఉపాధ్యాయినిగా పనిచేసెను. 1931లో బ్రయన్ అను నాతనిని వివాహమాడెను. వారికి జెఫర్సన్ సిటీలో బట్టలుతికి యిస్త్రీ చేసి యిచ్చు వ్యాపారముండెను. రెండవ ప్రపంచ యుద్ధము రాగా భర్త సైన్యమున చేరెను; కొట్టుభారమంతయు నామెపై బడెను. అట్టి దినములలో, 1944వ సంవత్సరమున, వార్తాపత్రికలో విమానము నడపుట నేర్పుదుమను ప్రకటన యొకటి యామె కంటబడెను. మనసునకు కొంత మార్పు కావలసి యుండి, పోయి చూతమనుకొనెను.

పోవుట యనిన సులభమా! రైలెక్కి నాక్స్‌విల్ నగరమునకు పోవలెను. అక్కడ బస్సెక్కవలెను. బస్సు దిగి నడువవలెను. విమానములు దిగు మైదానము నదిలోని ద్వీపము మీద నుండుటచే తుదకొక చిన్న పడవ నెక్కవలెను. ఆకాశమునకు పోవు దారి పడవలో మొదలగుట మాకు మిక్కిలి ముచ్చట గొల్పినది. ఆ యేడు నవంబరు 8వ తేదీననే యామె తొలిసారి యొంటరిగా విమానము నడపెను. తరువాత వరుసగా 1945లో సొంత విమానయానమునకును, 1946లో వేతనమునకు విమానము నడపుటకును, 1947లో ఇతరులకు నేర్పుటకును అనుమతి పత్రములను బడసెను. అప్పటి కామెకు ముప్పదియేడేండ్లు. ఇంక మన వయసు దాటినదని పుస్తకము మూసిన సోదరీమణు లీ లెక్కను మరియొక మారు చూడవలెను.

ఇంతకు విమానవిద్య నేర్పుట యెట్లు? గురుశిష్యు లిరువురును ఒకే విమానమున కూర్చుందురు. నడపు పిడియు, పాదములతో త్రొక్కు పలకలును ఇరువురికిని వేఱువేఱుగా నుండును. ఒకరివి కదపిన రెండవవారివియు కదలును. మనము పిల్లలకు అక్షరాభ్యాసము చేయించునపుడు పళ్లెరములోని బియ్యము మీద వారి వ్రేలు పట్టి ఓనమాలు దిద్దించుటలేదా? ఇదియు నట్టిదే. అయితే బియ్యముమీద అక్షరము వంకరపోయినచో చెరిపి వ్రాయవచ్చును.

అందొక పాఠము మమ్మాశ్చర్యపఱచినది. విమానపు ముక్కు మితిమీరి పైకెత్తినచో గాలి రెక్కలమీదుగా సాఫీగా పోజాలక చెదరిపోవును. రెక్కల కెత్తు బలము తగ్గి విమానము క్రుంగును. ఇంజను చక్కగా తిరుగుచున్నను ఇట్లు జరుగును. క్రిందికి పోవుచున్నామని తోచగనే యెట్టివానికైనను పిడిని తన వైపునకు లాగి ముక్కు నింకను పైకెత్తవలెననియే తోచును. అట్లు లాగినచో ముప్పు పెరుగును. ముక్కును క్రిందికి దింపవలెను. అపుడు గాలి మరల రెక్కలను పట్టును. అనగా, భయము చెప్పిన మాటకు సరిగా వ్యతిరేకముగా చేయుట చేతులకు నేర్పవలెను. పుస్తకమున చదివి తలయూపిన నిది రాదు. గురువు శిష్యుని చాలినంత యెత్తునకు తీసికొనిపోయి, కావలెననియే విమానమును క్రుంగజేసి, వానిచేతనే లేపించి, యలవాటగు వఱకు మరల మరల చేయించవలెను. శిష్యుని చేయి తప్పినను, తాను పిడి నెప్పుడు పట్టుకొనవలెను, ఎంతవఱకు పట్టుకొనక యోర్చుకొనవలెను అనునదియే గురువు నేర్పు. త్వరపడి పట్టుకొన్నచో వాడెన్నటికిని నేర్వడు. ఆలసించినచో ఇరువురికిని ముప్పు.

తుదకొక దినమున గురువు విమానమును నేలమీద ఆపించి, తలుపు తెఱచి, తాను దిగిపోవును. ఒక్కడవే పోయి యొక చుట్టు చుట్టి రమ్మనును. పిదప మైదానపు టంచున నిలిచి చూచుట తప్ప గురువు చేయగలది లేదు. ఎవెలిన్ తన జీవితమున సుమారు 5,000 మంది శిష్యులకు విద్య నేర్పినది. ఎన్నిమార్లట్లు నిలిచి, తలయెత్తి చూచినదో!

సంపాతి జటాయువుల కథ మీకు తెలిసినదే. అన్నదమ్ములిరువురును పందెమున సూర్యుని దాక నెగిరిరి. తమ్ముడు సొమ్మసిల్లగా సంపాతి తన రెక్కలు కప్పి వానిని కాచెను. తన రెక్కలు మాడి వింధ్యపర్వతము మీద కూలెను. చిన్ననాట మా తండ్రిగారు ఈ ఘట్టము చెప్పినపుడు మేము కన్నీరు పెట్టితిమి. ప్రేమ కది పరమావధియే. కాని విద్య నేర్పువారి మార్గము వేఱు. ఈ తల్లిపిట్ట రెక్కలు కప్పలేదు. దిగి ప్రక్కకు నిలిచినది.

నేర్పుటయే గాక పరీక్షించు నధికారమును ప్రభుత్వ మామె కిచ్చెను. తొమ్మిదివేలకు పైగా పరీక్షలు జరిపెను. మా యెఱుకగల యొక తల్లి తన కుమార్తె విమానవిద్యకు పోయెదనని పట్టుపట్టగా, ‘ఆడపిల్ల కంత సాహస మేల?’ యని మాతో వాపోయెను. ఆ ప్రశ్నకు మన దేశ మెప్పుడో సమాధానము చెప్పినది. 1936లోనే సరళా ఠక్రాల్ చీర కట్టుకొని విమానము నడపెను. పిదప ప్రేమ్ మాథుర్ మన హైదరాబాదులోని దక్కన్ ఎయిర్‌వేస్‌లో విమానచోదకురాలుగా పనిచేసెను. నేడు భారతదేశపు విమానచోదకులలో నూటికి పదిమందికి పైగా స్త్రీలే. కాని యా తల్లి అడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదని మా తలంపు. వేతనమునకు విమానము నడపు ననుమతి కొఱకు మన దేశమున రెండువందల గంటలు ఎగురవలెను; దానికి లక్షలకొలది రూపాయలు వ్యయమగును. అందులో పిల్ల ప్రక్కన కూర్చుండువా రెవరు? ఆకాశము మబ్బుపట్టిన దినమున, రుసుము పోయినను సరే, ‘నేడు వలదు, రేపు రమ్ము’ అనగలవారేనా? ఆమె యిది యడిగి తెలిసికొని, పిదప మాతో మాటాడెదనని పోయినది.

ఎవెలిన్ ధైర్యమునకు నిదర్శన మొకటి చెప్పెదము. 1958లో మారిస్‌టౌన్ విమానాశ్రయమున నొక హెలికాప్టరు కూలెను. ఆమె పరుగున పోయి, అందులోనికి చేయిచాచి యింజను ఆపి, మంటలంటకుండ అగ్నిమాపక ద్రవ్యము చల్లెను. దానిని నడపినవాడు బ్రదికెను. ఇందులకు కార్నెగీ వీరనిధివా రామెకు పతకము నొసగిరి. తన విమానములలో ఇంజను రెండుమార్లు ఆగిపోయినను, ఒకమారు మంట పుట్టినను, ఒక్కమారైనను కూలక నేలకు దింపినది. 1979లో ఆ దేశమున ఆ యేటి యుత్తమ విమానశిక్షకురాలుగా నామె నెన్నుకొనిరి. మొదటి భర్త 1963లో గతించెను. రెండేండ్లకు జాన్సన్ అను నాతని వివాహమాడెను. ఆయనయు 1977లో గతించెను. మైదానమునకు పోవుట మాత్రము మానలేదు.

ఆమె గాలిలో గడపిన కాలము 57,635 గంటలు. మేము పలకమీద లెక్కవేసి చూచితిమి: రేయింబవళ్లు దిగక యెగిరినను ఆరున్నర సంవత్సరములకు మించును. స్త్రీలలో నింత కాలమెగిరినవారు మఱి లేరని గిన్నిస్ గ్రంథమున నెక్కినది. తొంబది దాటిన పిదప కంటిజబ్బు వచ్చి విమానము విడువవలసి వచ్చెను. 2006లో కారు ప్రమాదమున నొక కాలు పోయెను. ఆకాశమున నింతకాలము మేను గాచుకొన్న యామెకు నేలమీది బాట యిట్లు చేసెను. అయినను కృత్రిమపాదముతో మరల విమానాశ్రయమునకు వచ్చి పని చూచుచుండెను. 2007లో జాతీయ విమానయాన కీర్తిమందిరమున నామె పేరు చేర్చిరి. 2012వ సంవత్సరము మే 10వ తేదీన, 102 ఏండ్ల వయసున, కాలధర్మము నొందెను.

విమానవిద్యార్థి కొక లెక్కపుస్తకముండును. ఎగిరిన ప్రతి గంటయు నందు వ్రాసికొనును. ఒంటరిగా పోవుటకు ముందు, వీడు పోదగిన వాడని గురువు చేవ్రాలు చేయనిదే యామె దేశమున విమానమును ముట్టరాదు. ఎవెలిన్ చేవ్రాలు గల యట్టి పుస్తకములు టెన్నెసీలో నెన్ని యిండ్ల పెట్టెలలో దాగియున్నవో!