ఇంటికి కొత్త కుక్కపిల్ల వచ్చినప్పుడు



మన పల్లెల్లో కుక్క లేని వీధి ఉండదు. కోళ్లను పిల్లి పట్టకుండా, కళ్లంలో రాశి దగ్గరకు కొత్తవారు రాకుండా కాపలా కాసేది అదే. అది ముసలిదవుతుండగా దాని తరువాతికని ఒక పిల్లను తెచ్చుకొంటాం. మేమూ అలాగే తెచ్చాం. అప్పుడు చేసిన పొరపాటును దాచకుండా ఈ నెల మీతో చెప్పుకొంటున్నాం.

మా టైగర్‌కు పదేళ్లు. నడుము పట్టేసింది, చెవులు మందగించాయి. సంక్రాంతి వెళ్లాక బంధువుల ఊరి నుండి రెండు నెలల పిల్లను తెచ్చి, సరాసరి టైగర్ పడుకొనే అరుగు మీదే వదిలాం. బిడ్డలంతా దాని చుట్టూ మూగారు. పాలు దానికే, ముద్దులు దానికే. టైగర్ గుర్రుమంటే, అసూయ అనుకొని చీపురుతో ఒకటి వేశాం. రెండు మూడుసార్లు అలా జరిగాక అది గుర్రుమనడం మానేసింది. అణిగిందని సంతోషించాం.

నాలుగవ రోజు సాయంత్రం పిల్ల వెళ్లి టైగర్ గిన్నెలో మూతి పెట్టింది. ఈసారి టైగర్ గుర్రుమనలేదు. ఒక్క ఉదుటున మీద పడింది. పిల్లను లాగబోయిన మా చిన్నమ్మాయి చేతిలో పన్ను దిగింది.

టైగర్‌కు టీకా వేయించి రెండేళ్లు దాటిందని అప్పుడు గాని మాకు జ్ఞాపకం రాలేదు. చేతులు వణుకుతుండగానే గాయాన్ని ధారగా పడే నీళ్ల కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగాం. పసుపు గాని, కారం గాని, సున్నం గాని అద్దలేదు. వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాం. బొడ్డు చుట్టూ 14 సూదులంటే మన పెద్దలకు ఇంకా భయమే. ఆ పాత మందు తయారీ మన దేశంలో 2004తోనే ఆగిపోయింది. ఇప్పుడు వేసేవి చేతికి కొద్ది సూదులే. డాక్టరు గారు రాసిచ్చిన తేదీల్లో ఒక్కటీ తప్పకుండా వేయించాం. కరిచిన కుక్కను 10 రోజులు కనిపెట్టమన్నారు. కుక్క బాగానే ఉంది గదా అని సూదులు వేయించడం ఆలస్యం చేయకూడదనీ గట్టిగా చెప్పారు.

ఆ పది రోజులు మాకు కంటిమీద కునుకు లేదు. టైగర్‌ను కాలువ అవతల వదిలిరమ్మని ఇరుగుపొరుగువారు చెప్పారు. మాకూ ఆ తలంపు రాకపోలేదు. సంగతంతా విన్న పశువుల డాక్టరు గారు మాత్రం, "గుర్రుమనడమే దాని మాట. ఆ మాటను కొట్టి మాన్పించారు. ఇక దానికి మిగిలింది పళ్లే గదా!" అన్నారు. మేము తల వంచుకొన్నాం.

పది రోజులూ గడిచాయి. టైగర్ ఆరోగ్యంగానే ఉంది. అప్పుడు మళ్లీ మొదటి నుండి మొదలుపెట్టాం.

ముందు వాసన, తరువాత ముఖం. పిల్ల పడుకొన్న గుడ్డను టైగర్ దగ్గర, టైగర్ గోనెపట్టాను పిల్ల దగ్గర వేశాం. రెండు రోజులయ్యాక, టైగర్ ఎక్కువగా తిరగని పెరటి మూలలో పిల్లను కోళ్లగంప కింద ఉంచి, టైగర్‌ను తాడుతో తెచ్చాం. అది గంప చుట్టూ తిరిగి మూచూసి పోయింది. రోజుకు కొద్ది నిమిషాలే. టీకాలు పూర్తికాని పిల్లను ఊరకుక్కలు తిరిగే చోటికి మాత్రం తీసుకుపోకండి. రక్త విరేచనాలు తెచ్చే పార్వో అక్కడే అంటుకొంటుంది.

పెద్దదానికే ముందు. అన్నం ముందు టైగర్‌కు, పలకరింపు ముందు టైగర్‌కు. గిన్నెలు వేరు, చోట్లు వేరు. ఒకటి పాక దగ్గర, ఒకటి వంటింటి గుమ్మం దగ్గర. తినడం కాగానే గిన్నెలు తీసివేయాలి.

ముసలిదానికి ఒక మరుగు. పిల్ల ఎక్కలేనంత ఎత్తున్న అరుగును టైగర్‌కే విడిచాం. పిల్లకుక్క పాలపళ్లు సూదుల్లా ఉంటాయి. అది చెవులు కొరుకుతుంటే కీళ్ల నొప్పులున్న కుక్క ఎంతసేపని ఓర్చుకొంటుంది?

గుర్రుమంటే కొట్టకండి. పిల్ల వెనక్కి తగ్గితే ఊరుకోండి, దానికది పాఠమే. తగ్గకపోతే పిల్లనే పక్కకు తీయండి. ముందుకాళ్లు వంచి వెనుక భాగం పైకెత్తితే ఆటకు పిలుస్తున్నట్టు. ఒళ్లు బిగబట్టి రెప్ప వేయకుండా చూస్తే మాత్రం వెంటనే విడదీయాలి. పోట్లాట మొదలైతే చేతులు పెట్టవద్దు. చెంబుడు నీళ్లు చల్లండి, లేదా పళ్లెం గట్టిగా మోగించండి. ఈ మాట బిడ్డలకు ముందే నేర్పాలి. రెండు కుక్కలూ కలిసేవరకు పెద్దవారెవరూ లేనప్పుడు వాటిని ఒకచోట వదలకూడదు.

ఇక టీకాలు. పిల్లకు రెండు నెలలు నిండకముందే తల్లి నుండి విడదీయవద్దు. పురుగుల మందు, పార్వో టీకాలు డాక్టరు గారు చెప్పిన వరుసలో వేయించండి. మూడు నెలలకు రేబిస్ టీకా, తరువాత ఏటేటా. 1885 జూలై 6న పాశ్చర్ మొదటిసారి ఒక బాలునికి రేబిస్ టీకా వేయించాడు. దాని జ్ఞాపకార్థం ఏటా ఆ రోజున మన పశువైద్యశాలల్లో కుక్కలకు ఉచితంగా టీకాలు వేస్తుంటారు. పిల్లతో పాటు ముసలిదాన్నీ తీసుకువెళ్లండి. మేము మరచినది ముసలిదాన్నే.

నెల తిరిగేసరికి పిల్ల టైగర్ వీపుకు ఆనుకొని పడుకోవడం మొదలుపెట్టింది. రాత్రివేళ టైగర్‌కు వినపడని అలికిడిని ఇప్పుడు పిల్లే ముందు వింటుంది. అది మొరిగితే టైగర్ లేచి వెంట వెళ్తుంది. అయినా గిన్నె దగ్గర టైగర్ ఇంకా గుర్రుమంటూనే ఉంది. మేము గిన్నెలు కలపలేదు, కలపము కూడా. మా అమ్మాయి చేతి మీద చిన్న మచ్చ మిగిలింది. ఆ గుర్రు వినబడినప్పుడల్లా ఇప్పుడు మాకు కోపం రాదు, ధైర్యంగా ఉంటుంది. టైగర్ ఇంకా మాతో చెప్పే కరుస్తుందన్నమాట. చెబితే వినడానికి మేమున్నాం గనుక, కరవవలసిన అవసరం దానికి మళ్లీ రాలేదు.