అవతారాల బడిలో ఆంగ్లం

భాష మనిషికీ మనిషికీ నడుమ పుట్టిన వ్యవహారం. ఎదుటివాడు లేనిచోట మాటకు పని లేదు. నీటిలో దిగనివానికి ఈత రానట్లే, నలుగురిలో నోరు విప్పనివానికి భాష పట్టుబడదు. ఇది అందరూ ఎరిగిన సత్యమే. అయినా ఆంగ్లబోధన వద్దకు వచ్చేసరికి ఈ సత్యం మరుగున పడుతున్నది. పది పన్నెండేళ్ళు ఆంగ్లం చదివి, పరీక్షలలో చక్కని మార్కులు తెచ్చుకొన్న విద్యార్థి ఆ భాషలో రెండు నిమిషాలు మాట్లాడవలసి వస్తే తలవంచుకొని నిలబడుతున్నాడు. ఈ లోపం విద్యార్థిది కాదు. అతనికి మాట్లాడే చోటు చూపని బోధనది.

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం ఒడిశా సరిహద్దున ఉన్న ఊరు. దాని చేరువనే పర్లాకిమిడి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడినపుడు పర్లాకిమిడి అటు చేరింది, పాతపట్నం ఇటు మిగిలింది. సరిహద్దు గీత భూమిని వేరుచేసింది కాని బజారును వేరుచేయలేకపోయింది. ఇక్కడి బేరసారాలలో తెలుగు, ఒడియా కలగలసి వినిపిస్తాయి. కొండల నుండి దిగివచ్చే సవరలు తమ భాషను వెంట తెచ్చుకొంటారు. ఒడియా అక్షరం ఒక్కటీ రాని కుర్రవాడు కూడా ఒడియాలో బేరమాడగలడు. అదే కుర్రవాడు కళాశాలలో ఆంగ్లవాక్యం ఒకటి పలకడానికి సంకోచిస్తాడు. ఒడియాను అవసరం నేర్పింది. తప్పు పలికినా నవ్వి సరిదిద్దే మనుషులు నేర్పారు. ఆంగ్లాన్ని మాత్రం పుస్తకమూ పరీక్షా నేర్పుతున్నాయి. వాటి వెంట, తప్పు పలికితే నలుగురూ నవ్వుతారన్న భయం కూడా పెరుగుతున్నది.

మనుషుల మధ్య మసలి భాష నేర్చుకోవాలన్న దానికి ఈ సీమలోనే గొప్ప నిదర్శనం ఉన్నది. శ్రీముఖలింగం సమీపంలోని పర్వతాలపేటలో 1863 ఆగస్టు 29న జన్మించిన గిడుగు వేంకట రామమూర్తి పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడుగా ఉంటూ సవరభాష నేర్చుకొన్నారు. నేర్చుకోవడానికి ఆ భాషకు వ్యాకరణం లేదు, నిఘంటువు లేదు, లిపి సైతం లేదు. ఆ భాష తెలిసినవారిని ఆశ్రయించి, సవరల నడుమ తిరిగి, వారి నోట విన్నదానిని వ్రాసుకొంటూ ఆయన దానిని సాధించారు. మన్యంలో మలేరియా సోకి, క్వినైన్ వాడవలసివచ్చి, తుదకు వినికిడిని కోల్పోయారు. 1931లో వెలువడిన ఆయన సవరభాషా గ్రంథం ఆ త్యాగానికి ఫలం. పలుకుబడిలో ఉన్న భాషకే ప్రాణం ఉంటుందన్న ఆయన వ్యావహారిక భాషోద్యమ సిద్ధాంతానికి వెనుక ఇటువంటి అనుభవబలం ఉన్నది.

ఆంగ్లం నేర్వగోరే విద్యార్థికి సవరకొండల వంటి చోటు ఎక్కడ దొరుకుతుంది? ఆంగ్లం మాట్లాడే బజారు పాతపట్నంలో లేదు. లేని బజారును కల్పించే ప్రయత్నమే ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచం. కంప్యూటర్ తెరపై వీధులు, దుకాణాలు, స్టేషన్లు, తరగతి గదులు ఉంటాయి. ప్రవేశించిన ప్రతి వ్యక్తికీ ఒక బొమ్మరూపం లభిస్తుంది. ఆ రూపంతో అతడు నడుస్తాడు, ఎదురైనవారితో వ్రాతలో గాని, మాటలో గాని సంభాషిస్తాడు. ఆ రూపానికి ప్రపంచమంతటా వాడుకలో ఉన్న పేరు ‘అవతార్’. అది సంస్కృతపదమైన అవతారమే. దిగిరావడం అని దాని అర్థం. 1986 నాటి ‘హాబిటాట్’ అనే కంప్యూటర్ ఆటలో ఆ పదం ఈ అర్థంలో ప్రయోగించబడింది.

ఈ లోకాలలో భాషాబోధన కొత్తది కాదు. 1994లోనే న్యూయార్కులోని హంటర్ కళాశాలకు చెందిన అధ్యాపకురాలు జూలీ ఫాల్సెట్టి, ఎరిక్ ష్వైట్జర్‌తో కలసి ‘ష్మూజ్ విశ్వవిద్యాలయం’ అనే వేదికను నెలకొల్పారు. అందులో బొమ్మలు లేవు, శబ్దం లేదు, అంతా అక్షరాలే. అయినా వివిధ దేశాల ఆంగ్ల విద్యార్థులు అక్కడ కలసి ముచ్చటించుకొన్నారు. 2003లో ‘సెకండ్ లైఫ్’ ప్రారంభమైంది. 2007లో దానికి మాట వినిపించే సదుపాయం చేరింది. బ్రిటిష్ కౌన్సిల్ అందులోని కిశోర విభాగంలో, 13 నుండి 17 సంవత్సరాల వయసువారి కోసం ఒక ద్వీపాన్నే ఏర్పాటుచేసింది.

ఈ పద్ధతిలోని ప్రధాన గుణం భయనివారణ. భయం, సిగ్గు, ఆందోళన మనసులో అడ్డుతెరగా నిలిచి భాషను లోనికి రానీయవని అమెరికా భాషాశాస్త్రవేత్త స్టీఫెన్ క్రాషెన్ ప్రతిపాదించాడు. తూర్పు భాగోతం చూసినవారికి ఈ విషయం వేరుగా చెప్పనక్కరలేదు. పగలు నలుగురిలో మాట పెగలని బిడియస్థుడు రాత్రి సత్యభామ వేషం కట్టి, జడ విసిరి రంగస్థలం మీదికి వస్తే ఊరంతా విస్తుపోయి వింటుంది. వేషం అతనిని దాచి, అతని గొంతును బయటపెడుతుంది. అవతారం చేసే పని కూడా ఇదే. తప్పు దొర్లితే అది బొమ్మ చేసిన తప్పవుతుంది. విద్యార్థి ముఖం ఎవరికీ కనబడదు.

అయితే వేషమే నాటకం కాదు. తెరముందు విద్యార్థులను కూర్చోబెట్టి ఉపాధ్యాయుడు తొలగిపోతే అది ఆటగా మిగులుతుంది. చేయవలసిన పని ముందుగా నిర్ణయించాలి. ఒకరు స్టేషన్లో టికెట్లు ఇచ్చే ఉద్యోగి, వేరొకరు దారి తెలియని ప్రయాణికుడు. రైళ్ళ వేళలు ఒకరికే తెలుసు; వెళ్ళవలసిన ఊరు మరొకరికే తెలుసు. అడగక తప్పదు, చెప్పక తప్పదు. అర్థంకాకపోతే మళ్ళీ అడగాలి, మరొక విధంగా చెప్పాలి. భాష వృద్ధి పొందేది ఆ మళ్ళీ చెప్పడంలోనే. వ్రాతలో సాగిన సంభాషణ భద్రంగా ఉంటుంది కనుక, పని ముగిశాక ఉపాధ్యాయుడు దానిని విద్యార్థులచేత చదివించి, తప్పులను వారిచేతనే దిద్దించవచ్చు. సంభాషణ నడుమ అడ్డుపడి దిద్దడం కంటె ఇది మేలు.

ఆక్షేపణలు లేకపోలేదు. మొదటిది ఖర్చు. 2020లో కరోనా వల్ల పాఠాలు ఆన్‌లైన్‌కు మారినపుడు, ఫోను లేని పిల్లలు, సిగ్నల్ అందని ఊళ్ళ పిల్లలు చదువుకు దూరమయ్యారు. ఉన్నవారికి మరింత ఇచ్చి లేనివారిని విడిచిపెట్టే సాధనం విద్య అనిపించుకోదు. రెండవది భద్రత. ఎవరు ఏ వేషంలో ఉన్నారో తెలియని లోకంలోకి పిల్లలను ఒంటరిగా పంపరాదు. మూడవది అస్థిరత. వ్యాపారసంస్థలు కట్టిన లోకాలు వాటి ఇష్టంతోనే నిలుస్తాయి. సెకండ్ లైఫ్‌లోని ఆ కిశోర విభాగం 2011 నాటికే మూతపడింది.

ఈ మూడింటికీ చాలవరకు ఒకే పరిష్కారం ఉన్నది. 2007 నుండి లభిస్తున్న ‘ఓపెన్ సిమ్యులేటర్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఒక కళాశాల తన కంప్యూటర్ గదిలోనే, బయటి ఇంటర్నెట్‌తో నిమిత్తం లేకుండా, చిన్న లోకాన్ని నిర్మించుకోవచ్చు. అందులోకి అపరిచితులు రారు. ప్రతి విద్యార్థికీ వంతు దొరుకుతుంది. పాతపట్నం కళాశాల లోకంలో పాతపట్నం బజారే ఉండవచ్చు. తెలిసిన వీధిలో తెలియని భాష మాట్లాడటం, తెలియని వీధిలో మాట్లాడటం కంటె సులువు.

మాతృభాష ఏమవుతుందన్న సందేహం అన్నింటికంటె గంభీరమైనది. ఆంగ్లం నేర్చుకొనడమంటే తెలుగును వదలుకొనడమన్న భ్రమ సమాజంలో వ్యాపించి ఉన్నది. గిడుగు జీవితమే దీనికి సమాధానం. ఆయన సవరభాష నేర్చి తెలుగును మరువలేదు. ఆంగ్లంలో గ్రంథాలు రచించి తెలుగుకు దూరం కాలేదు. సవరపిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని పాటుపడ్డారు. సొంతభాషలో ఆలోచించడం అలవడినవానికి పరభాష పరికరమవుతుంది. అది అలవడనివానికి పరభాష భారమవుతుంది.

కనుక వర్చువల్ ప్రపంచాన్ని మాయ అని తోసివేయడమూ తగదు, మంత్రదండమని నమ్మడమూ తగదు. అది అభ్యాసం చేసుకొనే రంగస్థలం. నాటకం ఎంత బాగున్నా తెల్లవారితే వేషం విప్పక తప్పదు. తెరపై బొమ్మ పలికిన మాటను విద్యార్థి తన ముఖంతో, తన గొంతుతో ఇంటర్వ్యూ గదిలో, ఆసుపత్రిలో, పరాయి ఊరి స్టేషన్లో పలకగలిగిన నాడే ఆ బోధన ఫలించినట్లు. అందుకు కావలసిన ధైర్యం కొంత యంత్రం ఇవ్వగలదు. మిగిలినది తప్పును నవ్వులపాలు చేయని తరగతి గది ఇవ్వాలి.