రాతి మీది మన పేరు మనమే చదువుకోవాలి

"పాత రాళ్ళ సంగతులు మనకెందుకన్నా? కూలి రేట్ల సంగతి చూడండి, శ్మశానం భూమి సంగతి చూడండి." మొన్న మీటింగులో ఒక తమ్ముడు మా మొహం మీదే అడిగాడు. అడగాల్సిన ప్రశ్నే. మాకు కోపం రాలేదు. ఇట్లాంటి మాటే చిన్నప్పుడు బళ్ళో వేరే నోట విన్నాం. చరిత్ర పాఠంలో రెండు ప్రశ్నలు ఎక్కువ అడిగితే, "మీకు రాజుల కథలు దేనికిరా, కొలువు వచ్చే చదువేదో చదువుకోండి" అన్నాడు అయ్యవారు. ఆయన ఆ చదువు మనది కాదన్నాడు. తమ్ముడు మనకు తీరిక లేదంటున్నాడు. ఇద్దరికీ కలిపి చెప్పాల్సిన జవాబు ఒకటి మా దగ్గరుంది.

మాలో ఎవరికీ చరిత్రలో ఎమ్మే లేదు. ఒకరు చిన్న బడి పంతులు, ఒకరు కరెంటు పని చేస్తారు, మిగతావాళ్ళం కూలినాలి చేసుకునేవాళ్ళం. గ్రంథాలయం మెట్ల మీద కూర్చుని చదివాం, పాత పుస్తకాల కొట్లో అట్టలూడిన పుస్తకాలు కొని చదివాం. ముప్పై ఏళ్ళుగా ఈ పిచ్చి వదల్లేదు. ఇన్నేళ్ళు చదివితే ఏం దొరికిందంటారా? ఒక మనిషి దొరికాడు. ఆయన సంగతే ముందు వినండి.

కృష్ణ ఒడ్డున అమరావతిలో శాతవాహనుల కాలంలో పెద్ద బౌద్ధ స్తూపం వెలిసింది. ఆ స్తూపం రాజు ఒక్కడి సొమ్ముతో లేచింది కాదు. వర్తకులు, సుగంధాలు అమ్మేవాళ్ళు, ఇళ్ళ యజమానులు, భిక్షుణులు ఎవరికి చాతనైన రాయి వాళ్ళు చెక్కించి ఇచ్చారు. ఇచ్చినవాళ్ళ పేర్లు బ్రాహ్మీ లిపిలో, ప్రాకృత భాషలో ఆ రాళ్ళ మీదే ఉన్నయ్. వాటిల్లో ఒక రాయి మీద నిండు కుండ బొమ్మ ఉంది. పూర్ణఘటం అంటారు. దాన్ని ఇచ్చినవాడి పేరు విధికుడు. పేరు పక్కన "చమ్మకార" అని ఉంది. అంటే తోలు పనివాడు.

ఇంకా ఉంది చూడండి. తండ్రి పేరు నాగ, ఆయన ఉపాధ్యాయుడు. తల్లితో, భార్యతో, అన్నదమ్ములతో, కొడుకుతో, కూతుళ్ళతో, చుట్టాలతో, స్నేహితులతో కలిసి ఈ రాయి ఇచ్చానని రాయించుకున్నాడు. కొడుకు పేరూ నాగే. తాత పేరు మనవడికి పెట్టుకున్నారు. మన ఇళ్ళల్లో ఇప్పటికీ పెట్టుకోవటం లేదూ!

అన్నలారా, అక్కలారా, ఒక్కసారి నిదానంగా ఆలోచించండి. చదువు చెప్పే ఆయన కొడుకు తోలు పని చేశాడు. తోలు పని చేసే మనిషి పుణ్యస్థలంలో రాయి నిలబెట్టాడు. పేరు దాచుకోలేదు, పనీ దాచుకోలేదు. ఆ రాయి మైల పడిందని ఎవరూ దాన్ని అవతల పారెయ్యలేదు.

2018 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటాన్ని తన అధికార చిహ్నంలో పెట్టుకుంది. ఎమ్మార్వో ఆఫీసు కాగితం మీద ఆ కుండను చూస్తూనే ఉన్నాం. అట్లాంటి కుండను రాతి మీద చెక్కించి ఇచ్చినవాళ్ళల్లో ఒక తోలు పనివాడు ఉన్నాడని ఆ ఆఫీసులో ఎవరన్నా మనకు చెప్పారా? మన పిల్లల పాఠంలో విధికుడి పేరు ఎవరన్నా పలికారా?

మరి ఆ తరవాత ఏమైంది? ఇక్కడే చదువు అవసరం పడుద్ది. 400 ప్రాంతంలో చైనా నుంచి ఫాహియాన్ వచ్చాడు. ఉత్తరాదిన తాను చూసింది రాశాడు. చండాలురు ఊరి బయట ఉంటారు, ఊళ్ళోకి, అంగట్లోకి వచ్చేటప్పుడు కర్రతో చప్పుడు చేసుకుంటూ రావాలి, ఆ చప్పుడు విని మిగతావాళ్ళు తప్పుకుంటారు అని. మనుస్మృతి చండాలుడికి ఊరి బయట ఇల్లు, పగిలిన కుండ, శవం మీద గుడ్డ రాసిపెట్టింది. పీష్వాల కాలంలో పూనాలో అంటరానివాడు ఉమ్ము నేల మీద పడకుండా మెడకు ముంత కట్టుకుని తిరగాల్సి వచ్చిందని అంబేడ్కర్ 1936లో రాశాడు. నిండు కుండను రాతి మీద నిలబెట్టిన మనిషి ఒక కాలంలో ఉంటే, మెడకు ముంత కట్టించుకున్న మనుషులు ఇంకో కాలంలో ఉన్నారు. ఈ రెంటి మధ్య జరిగిందేందో అదే మన చరిత్ర. రాజుల పెళ్ళిళ్ళు, యుద్ధాలు దాని తరవాత.

అంబేడ్కర్ ఈ పని ఎట్లా చేశాడో చూడండి. ఆయన చదివింది అర్థశాస్త్రం, న్యాయశాస్త్రం. చరిత్ర పండితుడని ఆయనకెవరూ పట్టా ఇవ్వలేదు. శూద్రుల మీద 1946లో పుస్తకం వేసినప్పుడు, సంస్కృతం రానివాడికి ఈ పని ఎందుకు అంటారని ముందే తెలుసు ఆయనకు. అందుకే ముందుమాటలోనే జవాబు చెప్పాడు. ఇంగ్లీషు అనువాదాలే అయితేనేం, పదిహేనేళ్ళు చదివాను, ఆ మాత్రం అర్హత చాలదా అన్నాడు. 1948లో అంటరానివారి మీద రాసిన పుస్తకాన్ని నందనార్, రవిదాస్, చోఖామేళాలకు అంకితం ఇచ్చాడు. ముగ్గురూ అంటరాని కులాల్లో పుట్టిన పాతకాలపు భక్తులు. ఆ పుస్తకంలో అంటరానితనం 400 ప్రాంతంలో పుట్టిందని వాదించాడు. అందరు చరిత్రకారులూ దాన్ని ఒప్పుకోలేదు. దొరకని లంకెల్ని ఊహతో కలపాల్సి వచ్చిందని ఆయనే దాచకుండా చెప్పాడు. తేదీ మీద వాదం ఉండనీయండి. ఆయన మన చేతికిచ్చిన అసలు సంగతి వేరే. అంటరానితనానికి పుట్టుక ఉంది. పుట్టిందేదైనా చస్తుంది. "అనాదిగా ఇంతేలే" అనే మాట అబద్ధం. పల్లెలో ముసలమ్మ నుంచి ఊళ్ళో మోతుబరి దాకా అందరూ అనే మాట అదే. ఆ ఒక్క మాటను పడగొట్టటానికి చరిత్ర చదవాలి.

ఇక తమ్ముడి ప్రశ్న. రాళ్ళు చదివితే కూలి పెరుగుద్దా? పెరగదు. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ జరిగింది. గేదెల కుడితి బక్కెట్లు చెరువులో కడగొద్దన్న మాదిగ పిల్లాణ్ణి కొట్టబోతే, అడ్డం వచ్చి బిందె ఎత్తింది మున్నంగి సువార్తమ్మ. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపారు. సువార్తమ్మ ఏ శాసనం చదివి బిందె ఎత్తలేదు. మనిషినన్న తెలివితో ఎత్తింది. ఉద్యమం అక్కణ్ణుంచే వస్తుంది, పుస్తకంలోంచి కాదు. ఒప్పుకుంటాం. కానీ బిందె ఎత్తిన ఆ చెయ్యి కొత్తగా తలెగరేసిన చెయ్యి కాదని, ఈ నేల మీద ఒకప్పుడు నిండు కుండ నిలబెట్టిన చేతుల్లాంటిదేనని మన పిల్లలకు ఎవరు చెప్పాలి? అది తెలిసిన పిల్లాడు దణ్ణం పెట్టి అడుక్కోడు, హక్కు అని అడుగుతాడు. తేడా అక్కడుంది.

అయితే ఒక జాగ్రత్త కూడా చెప్పాలి, ఇది మనవాళ్ళకే. విధికుడు ఇప్పటి ఫలానా కులపోడే అని జెండా కట్టొద్దు. అప్పటి "చమ్మకార" అన్న మాటకూ ఇప్పటి కులానికీ మధ్య పద్దెనిమిది వందల ఏళ్ళకు పైగా దూరం ఉంది. మాలలం మేం గొప్ప, మాదిగలం మేం గొప్ప అని రాళ్ళతో కొట్టుకోటానికి కాదు ఈ చదువు. పై కులాలు లేని వంశవృక్షాలు అల్లుకుంటే నవ్వుతాం గదా, అదే పని మనమూ చేస్తే ఎట్లా? ఎవరన్నా చరిత్ర చెప్తే మూడు ప్రశ్నలు అడగండి. ఏ రాయి, ఏ పుస్తకం? ఏ కాలంది? దాన్ని ఎవరు రాయించారు, ఎందుకు? ఈ మూడింటికీ జవాబు లేకపోతే, అది మనల్ని పొగిడే మాటైనా సరే నమ్మొద్దు.

పల్నాటి కథనూ ఇట్లాగే చదవాలి. పన్నెండో శతాబ్దం నాటి యుద్ధం అది. బ్రహ్మనాయుడు అన్ని కులాలనూ ఒకే చాప మీద కూర్చోబెట్టి కూడు పెట్టించాడని, మాల కన్నమదాసు సేనాని అయ్యాడని కథ. కారెంపూడిలో ఏటా వీరుల ఉత్సవం జరుగుద్ది. ఈ కథను తరతరాలుగా గొంతులో దాచి పాడుతున్న వీరవిద్యావంతులు మాలలే. అట్లాగే మాదిగల జాంబవ పురాణాన్ని డక్కలివాళ్ళు పటం చూపించి చెప్తారు. కాగితం మన చేతికి రానివ్వకపోతే గొంతులో రాసుకున్నాం. అది మన ఘనత. కానీ అడగాల్సిందీ ఉంది. చాపకూడు కథ పాడుకున్న ఈ తెలుగు నేల మీదే టీ కొట్లో రెండు గ్లాసులు ఎట్లా నడిచినయ్? చాప ఎవరు చుట్టేశారు? కథ పాడటంతో ఆగకుండా ఇది కూడా అడిగితేనే చరిత్ర చదివినట్టు.

ఇంకో సంగతి. 1797లో మెకంజీ దొర అమరావతి దిబ్బను చూసే నాటికే దాని ఇటుకలు, రాళ్ళు జమీందారు కట్టడాలకు తరలిపోతున్నయ్. తరవాత చెక్కిన పలకల్ని సున్నం కోసం కాల్చారు. మిగిలినవి చెన్నపట్నం మ్యూజియానికి, లండన్ మ్యూజియానికి చేరినయ్. ఎంతమంది విధికుల పేర్లు బట్టీలో సున్నమైపోయాయో! ఇప్పుడు మిగిలిన వాటినన్నా మనం పట్టించుకోకపోతే తప్పు మనది కూడా అవుద్ది.

అందుకని మా మాట ఇది. వారానికి ఒక రాత్రి, కూలి నుంచి వచ్చి కూడు తిన్నాక, పల్లె అరుగు మీద ఒక గంట కూర్చోండి. చదువొచ్చిన పిల్ల గట్టిగా చదవాలి, రానివాళ్ళు వినాలి, అందరూ అడగాలి. మొదట అంబేడ్కర్ పుస్తకాలతో మొదలుపెట్టండి. మీ ఊరి గుళ్ళో, చెరువు కట్ట మీద రాతలున్న రాయి ఉంటే దాని మీద సున్నం కొట్టనివ్వొద్దు. మన ముసలాళ్ళకు తెలిసిన పొలాల పేర్లు, దిబ్బల పేర్లు, పాటలు నోటు పుస్తకంలో ఎక్కించండి. వాళ్ళు పోతే అవీ పోతయ్.

కూలి పోరాటం ఆపమని కాదు. పగలు ఆ పని, రాత్రి ఈ పని. "మీరు ఎప్పుడూ ఇంతే" అని ఎవడన్నా అంటే, "ఎప్పటినుంచి?" అని మన పిల్లలు ఎదురు అడగాలి. ఆ ప్రశ్న అడిగే పిల్లలు ప్రతి పల్లెలో నలుగురు తయారైన నాడు మా ముప్పై ఏళ్ళ పిచ్చికి ఫలితం దక్కినట్టే.

జై భీమ్!