గండం గడిచింది, గండి పూడలేదు

"ఏమీ కాలేదు కదా, ఇంకెందుకా మాట!"

ఈ వాక్యాన్ని గత కొన్ని వారాల్లో కనీసం ఇరవైసార్లు విన్నాను. అమ్మ అన్నది, అక్క అన్నది, ఇరుగుపొరుగువారు అన్నారు. నేను ఎవరి చేతికి ఫిర్యాదు రాసిచ్చానో ఆ పెద్దమనిషి కూడా కాగితాన్ని మడిచి సొరుగులో పెట్టుకుంటూ చిరునవ్వుతో ఇదే అన్నాడు. అందరూ నా మంచి కోరేవారే. అయినా ఈ వాక్యం కన్నా ప్రమాదకరమైనది మన భాషలో మరొకటి లేదని నాకు నమ్మకం కుదిరింది. ఆ నమ్మకం ఎలా కుదిరిందో మిత్రులకు చెప్పాలని ఈ నాలుగు మాటలు.

శ్రావణ శనివారం గండి ఆంజనేయస్వామి దర్శనం మా ఇంట తాతలనాటి ఆచారం. పాపఘ్ని నది కొండలను రెండుగా చీల్చుకొని బయటపడే చోటు కాబట్టి ఆ ఊరికి గండి అని పేరు. రాముడు అటుగా వచ్చినప్పుడు స్వాగతంగా వాయుదేవుడు ఆ రెండు కొండల నడుమ బంగారు తోరణం కట్టాడని స్థలపురాణం. ఆ తోరణం ఇప్పటికీ ఉందట, కాకపోతే చావు దగ్గరపడ్డవారికి మాత్రమే కనబడుతుందట. "మన్రో దొరకు కనబడిందంట నాయనా" అని మా జేజి చెప్పేది. మద్రాసు గవర్నరుగా ఉన్న సర్ థామస్ మన్రో 1827 జులై 6న పత్తికొండలో కలరాతో మరణించిన మాట చరిత్ర. తక్కినది జేజి మాట. ఈ తోరణం సంగతి కొంచెం గుర్తుంచుకోండి, మళ్ళీ పనిబడుతుంది.

ఈసారి బెంగళూరు నుంచి అక్కా బావా పిల్లలూ కూడా వచ్చారు. దర్శనం అయ్యాక పిల్లలు బోటు ఎక్కుతామన్నారు. ఆ ప్రాంతంలోని జలాశయాల్లో ఒకదానికి వెళ్ళాం. ఏ జలాశయమో చెప్పను. ఒకదాని పేరు చెబితే తక్కినవన్నీ బాగున్నాయన్న అర్థం వస్తుంది. ఆ అర్థం రావడం నాకు ఇష్టం లేదు.

రేవు దగ్గర లైఫ్ జాకెట్లు ఒక మూల కుప్పగా పడి ఉన్నాయి. తడిసి, కొక్కేలు విరిగి, పట్టీలు తెగి ఉన్నాయి. పడవ మీద ఎంతమంది ఎక్కవచ్చో రాసిన చోట అంకె వెలిసిపోయి "మంది" అన్న మాట ఒక్కటే మిగిలింది. మేము ఎనిమిదిమందిమి, మరొక కుటుంబం ఆరుగురు. మా మేనకోడలికి ఎనిమిదేళ్ళు. దానికి సరిపోయే జాకెట్టు లేదు. పెద్దవాళ్ళది తొడిగితే మోకాళ్ళ దాకా వేలాడింది. "ఏం కాదు సార్, దినామూ తిప్పుతాండాం. పాపను పక్కన కూర్చోబెట్టుకోండి" అన్నాడు పడవ నడిపే కుర్రవాడు. నేను తలూపి ఎక్కాను. ఇది దాచను. ఆ రోజు జరిగినదానిలో నా వాటా అక్కడ మొదలైంది.

గట్టు మీద గొడుగు నీడన ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. వీపు మీద లైఫ్‌గార్డ్ అని రాసిన చొక్కా తొడుక్కున్నాడు. మేము ఎక్కేటప్పుడు అతను చేతిలోని ఫోను వైపు చూస్తున్నాడు. మేము దిగేటప్పుడు కూడా.

నడుమ జరిగినది ఇది. నీళ్ళ మధ్యకు వెళ్ళాక ఇంజను ఆగింది. కుర్రవాడు తాడు లాగుతూ ఉండగానే గాలి లేచింది. పడవ గాలికి అడ్డం తిరిగింది. భయపడ్డవాళ్ళు లేచి నిలబడి ఒక పక్కకు జరిగారు, ఆ పక్క అంచు మీదుగా నీళ్ళు లోపలికి వచ్చాయి. నేను గట్టు వైపు తిరిగి తువ్వాలు ఊపుతున్నాను. అమ్మ కేక విని తిరిగి చూసేసరికి పాప పడవలో లేదు. నీటి మీద జాకెట్టు తేలుతోంది, పాప అందులోంచి కిందికి జారిపోయింది. చప్పుడు లేదు. అరుపు లేదు.

బావ పల్లెటూరి బావిలో ఈత నేర్చినవాడు. దూకాడు, పట్టుకున్నాడు. కానీ ఇద్దరినీ పడవలోకి లాగబోతే పడవే ఒరుగుతోంది. అప్పుడు దూరంగా వల వేసుకుంటున్న ఒక జాలరి తన పుట్టిని తిప్పుకుంటూ వచ్చాడు. "అన్నా, పాపను ఇట్లా ఈ. నువ్వు అంచు పట్టుకో, ఎక్కొద్దు" అన్నాడు. పుట్టిలోకి ఒక పక్క నుంచి మనిషి ఎక్కబోతే అది బోర్లాపడుతుందని మాకు తెలియదు, అతనికి తెలుసు. పాప దగ్గింది, నీళ్ళు కక్కింది, ఏడ్చింది. ఆ ఏడుపు కన్నా మంచి చప్పుడు నేను ఇంతవరకు వినలేదు.

అరగంట తరువాత మరో పడవ వచ్చి మమ్మల్ని కట్టుకొని తీసుకుపోయింది. గట్టు ఎక్కుతుంటే గొడుగు కింది మనిషి తలెత్తి, తడిసిన పాపను చూసి, "ఏమైంది సార్?" అని అడిగాడు.

నా తగాదా అంతా ఈ ప్రశ్నతోనే. చూడటం ఒక్కటే పనిగా జీతం తీసుకునే మనిషి, జరిగినదేమిటో మమ్మల్ని అడిగాడు. అదే జాలరిని, అంత దూరం నుంచి నీకెలా కనబడిందయ్యా అని నేను అడిగితే, "వలేసేటప్పుడు పక్క పుట్టి మింద ఒక కన్నేసి పెడ్తాం సామీ. మమ్మల్ని ఇంకెవురు చూస్తారు?" అన్నాడు.

నీళ్ళలో మునిగే మనిషి చేతులూపి కేకలు పెడతాడని మనకు సినిమాలు నేర్పాయి. అది అబద్ధం. ఫ్రాంక్ పియా అనే అమెరికా జలరక్షకుడు 1970లలో న్యూయార్కు తీరంలో మునిగిపోతున్నవారిని చిత్రీకరించి పరిశీలించాడు. మునిగేవాడి నోరు నీటి పైకి వచ్చిన ఆ కాస్త క్షణం ఊపిరికే చాలదు, ఇంక కేకెక్కడిది? చేతులు పక్కలకు చాచి నీటిని కిందికి నొక్కుతాయి, ఊపడం వాటి వశంలో ఉండదు. ఇదంతా 20 నుంచి 60 సెకన్లలో ముగుస్తుంది. అంటే పిలిస్తే వెళ్ళి కాపాడతాననే కాపలాదారు కాపలాదారే కాడు. పిలుపు రాదు. చూస్తూ ఉన్నవాడికే తెలుస్తుంది. ఫోనులో ఒక పాట సగం అయ్యేలోపు ఒక పిల్ల పోతుంది.

ఇది ఒక మనిషి బద్ధకం కథే అయితే ఇంత రాయను. తేదీలు చూడండి. 2017 ఏప్రిల్ 28న మా పక్క జిల్లా అనంతపురంలో, గుంతకల్లు మండలం ఎర్రతిమ్మరాజుచెరువులో, చుట్టాలంతా కలిసి సరదాగా పడవ ఎక్కిన కుటుంబం మునిగింది. పదిమందికి పైగా పోయారు, వారిలో చాలామంది పిల్లలు. అదే ఏడాది నవంబరు 12న, కార్తీక ఆదివారం, విజయవాడ దగ్గర పవిత్ర సంగమం వద్ద కృష్ణలో పడవ బోల్తాపడి ఇరవైమందికి పైగా మరణించారు. ఎక్కువమంది ఒంగోలు నుంచి విహారానికి వచ్చినవారు. ఆ పడవకు అనుమతే లేదు. ఆరు నెలలు గడిచాయి. 2018 మే 15న దేవీపట్నం మండలం మంటూరు దగ్గర గాలివానకు లాంచీ గోదావరిలో మునిగింది. మరో పదహారు నెలలు. 2019 సెప్టెంబరు 15న, గోదావరి వరద మీద ఉండగా, కచ్చులూరు దగ్గర రాయల్ వశిష్ఠ మునిగి యాభైమందికి పైగా మరణించారు, గల్లంతయ్యారు. చాలామంది ఒంటిమీద లైఫ్ జాకెట్లు లేవని బతికినవారే చెప్పారు.

ఇది మన రాష్ట్రానికే పట్టిన తెగులు కాదు. 2023 మే 7న కేరళలోని తానూరులో విహారపడవ మునిగి 22 మంది పోయారు, అందులో సగంమంది ఒకే కుటుంబంవారు. 2024 జనవరి 18న వడోదర హర్ణి చెరువులో 12 మంది బడిపిల్లలు, ఇద్దరు ఉపాధ్యాయులు మరణించారు.

ఇంత పెద్ద ప్రమాదమేదీ ఆ రోజే మొదలవదు. అంతకు ముందు ఆ రేవులో ఇంజను ఎన్నోసార్లు ఆగి ఉంటుంది, పడవ ఎన్నోసార్లు ఒరిగి ఉంటుంది, జాకెట్టు లేకుండా ఎందరో ఎక్కి దిగి ఉంటారు. ప్రతిసారీ ఎవరో ఒకరు "ఏమీ కాలేదు కదా" అని ఉంటారు. ప్రమాదాన్ని ముందుగా చెప్పే ఆ హెచ్చరికలన్నిటినీ మింగేసేది ఆ వాక్యమే. గండం గడిచిందని కొబ్బరికాయ కొడతాం, గండి ఎక్కడ పడిందో చూడం.

కచ్చులూరు తరువాత ప్రభుత్వం కదలలేదని నేననను. 2020 జూన్‌లో తొమ్మిది చోట్ల బోట్ల నియంత్రణ కేంద్రాలకు శంకుస్థాపన జరిగింది. సింగనపల్లి, గండిపోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం, రాజమండ్రి, రుషికొండ, నాగార్జునసాగర్, శ్రీశైలం, విజయవాడ బెర్మ్ పార్కు. కడప జిల్లాలోది అందులో ఒక్కటీ లేదు. 1917 నాటి చట్టాన్ని తీసేసి 2021లో కేంద్రం దేశీయ నౌకల చట్టం కొత్తది తెచ్చింది. మంచిదే. కానీ మా సీమ సంగతి ఒకటి అమరావతికీ ఢిల్లీకీ తెలియదు. మేము నీళ్ళ కోసం ఎదురుచూసిన మనుషులం. మా తాతలు నీటిని చూసి భయపడలేదు, లేదని బాధపడ్డారు. ఇప్పుడు గండికోట జలాశయం ఒక్కదానిలోనే 26.85 టీఎంసీలు నిలుస్తాయి. నీళ్ళు వచ్చాయి, వాటి వెంట పడవలు వచ్చాయి, టికెట్లు వచ్చాయి. ఈత రాలేదు, నీటి భయం రాలేదు, చూసే కన్ను రాలేదు.

నా వాదానికి ఎదురుగా వచ్చే మాటలు నాకు తెలుసు. ప్రయాణికులే జాకెట్లు వేసుకోరండీ అంటారు. నిజమే, నేనే ఉదాహరణ. కానీ బస్సు ఫుట్‌బోర్డు మీద వేలాడేవాణ్ణి లోపలికి రమ్మనడానికి కండక్టరు ఉన్నట్టే, జాకెట్టు లేనివాణ్ణి దించడానికే రేవులో మనిషి ఉన్నాడు. నావంటివాడి తెలివితక్కువతనం ఉంటుందని తెలిసే ఆ ఉద్యోగం పెట్టారు. చాలీచాలని జీతానికి రోజంతా ఎండలో ఎంతసేపు చూస్తాడండీ అంటారు. ఇది మరింత నిజం. అందుకే నా కోపం ఆ గొడుగు కింది మనిషి దగ్గర ఆగదు. ఒక్కడినే పొద్దున్నుంచి సాయంత్రం దాకా కూర్చోబెట్టి, ఎవరూ తనిఖీకి రాకపోతే ఏ మనిషి కన్నయినా ఫోను మీదికే పోతుంది. ఆ కన్నును తిప్పే బాధ్యత అతనికి చొక్కా ఇచ్చినవారిది. ఇక నుదుటిరాత అనేవారికి నా దగ్గర జవాబు లేదు. తెగిన పట్టీని బ్రహ్మ తెంపలేదని మాత్రం చెప్పగలను.

నేను కోరేవి ఖర్చుతో కూడినవి కావు. పిల్లల కొలతకు జాకెట్లు ఉండాలి, పట్టీ బిగించాకే పడవ మీద కాలు పెట్టనివ్వాలి. చూసేవారు ఇద్దరుండి వంతులు మార్చుకోవాలి, వంతులో ఉన్నంతసేపు ఫోను టికెట్టు గదిలో ఉండాలి. కాపాడే పడవ ఇంధనంతో, నీటి మీద, కట్టు విప్పి ఉండాలి. ఇంజను ఆగినా, మనిషి జారినా, ఎవరూ చావకపోయినా ఒక పుస్తకంలో తేదీతో రాయాలి, దాన్ని పై అధికారి నెలనెలా చదివి సంతకం చేయాలి. అన్నిటికన్నా ముఖ్యంగా, ఆ చూసే ఉద్యోగం ఆ నీళ్ళ మీదే బతికే జాలర్లకు ఇవ్వాలి. కచ్చులూరులో 26 మందిని ఒడ్డుకు చేర్చింది తమ పడవల్లో పరుగెత్తుకొచ్చిన ఊరివాళ్ళు. మునిగిన ఆ పడవను 38వ రోజున బయటికి లాగింది కాకినాడ ధర్మాడి సత్యం బృందం. నీటి మీద పక్కవాణ్ణి కనిపెట్టి ఉండటం వారికి శిక్షణలో నేర్పినది కాదు, బతుకులో అబ్బినది. దానికి కాస్త శిక్షణ, తగిన జీతం కలపండి చాలు.

ఇప్పుడు ఆ బంగారు తోరణం సంగతి. మన భద్రతా నియమాలు అచ్చం అలాంటివి. ఉన్నాయంటారు, చావు దగ్గరపడ్డప్పుడు తప్ప ఎవరికీ కనబడవు. శవాలు లేచాక జీవోల్లో మెరుస్తాయి, కర్మకాండలు ముగిసేసరికి మాయమవుతాయి. వాటిని బతికున్నవారికి కనబడేలా రేవులో, ప్రతి పూటా, ప్రతి పట్టీ మీదా కట్టమని అడగడమే నా ఫిర్యాదు.

మా మేనకోడలు ఇప్పుడు స్నానానికి తల మీద నీళ్ళు పోయనివ్వడం లేదని అక్క ఫోనులో చెప్పింది. చెప్పి, "పోనీలేరా, ఏమీ కాలేదు కదా" అన్నది.

అయింది అక్కా. అందుకే రెండో ఫిర్యాదు రాస్తున్నాను.