మన ధనము, మన బిడ్డలు

పామర్రు కూడలినుండి త్రోవలు విజయవాడకు, బందరుకు, గుడివాడకు పోవును. మన ప్రోగ్రామర్లు మాత్రము ఇంతకాలము అమెరికా త్రోవనే నమ్ముకొనియుండిరి. 2025 సెప్టెంబరులో ఆ ప్రభుత్వము క్రొత్త హెచ్-1బి దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధించుటతో వారి మనస్సులు కలతపడినవి. ఇచ్చటనే సంస్థ నేల పెట్టరాదను యోచనకు బలము చేకూరినది.

యోచన మంచిదే, పెట్టుబడి యేది? మన డెల్టా ధనము ఇండ్లస్థలములకును కట్నములకును పోవుచున్నది గాని, పొరుగింటి యువకుని తెలివికి పోవుట లేదు. అతడు దూరనగరముల ధనికుల నాశ్రయించి, తన వాటాను వారికి వ్రాసి యియ్యవలసి వచ్చుచున్నది.

1923లో బందరున పట్టాభి సీతారామయ్యగారు ఆంధ్రా బ్యాంకును స్థాపించిరి. అప్పటి చెల్లింపు మూలధనము లక్ష రూపాయలు. 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో విలీనమైనది. బ్యాంకు పేరు పోయినను, ఆ ధైర్యము పోనక్కరలేదు.

ఇట్టి పెట్టుబడులపై పడుచుండిన ఏంజెల్ పన్నును సైతము కేంద్రము 2024 బడ్జెటుతో తొలగించినది. అయినను నూతన సంస్థలలో పెక్కు నిలువవు. అప్పు తెచ్చి పెట్టువారికి ఈ మార్గము తగదు. పోయినను సేద్యము చెడనంత సొమ్మును పదిమంది రైతులు కలిసి నిధిగా కూర్చవలెను. బంధుత్వమును గాక పనిని చూచి, పత్రము వ్రాసికొని, పలు సంస్థలకు పంచి యియ్యవలెను.

బిడ్డను సముద్రము దాటించుటకు లక్షలు కూర్చిన తండ్రి, వానిని ఊర నిలుపుటకు కొంత కూర్చలేడా? పామర్రు ప్రాంతపు పెద్దలను మేమడుగుచున్న ప్రశ్న యిదియే.