ఒకే స్థలానికి రెండు దస్తావేజులు

"ఫార్మాట్ కొట్టేస్తే అంతా పోతుంది" అన్న మాట మన ఊళ్ళో వేదవాక్యంలా చెలామణి అవుతోంది. శ్రీనగర్ కాలనీలో కంప్యూటర్లు బాగుచేసే కుర్రవాడి నోటా అదే, అమీర్‌పేటలో పాఠాలు నేర్చుకున్న పట్టభద్రుని నోటా అదే. ఆ మాట అబద్ధం. అబద్ధమని తెలిసినవారు కూడా దాని భారాన్ని వాడుకరి నెత్తిన వేసి ఊరుకోవడం అన్యాయం.

డిస్కును ఒక లేఅవుటు అనుకుందాం. ప్లాట్ల హద్దులు రాసి ఉంచే పట్టికే పార్టిషన్ టేబుల్. ఫార్మాటు చేయడమంటే ఒక ప్లాటులో కొత్త ఇంటికి ముగ్గు పోయడమే. హద్దుల పట్టిక జోలికి అది పోదు. పాత ఎంబీఆర్ పద్ధతిలో ఈ పట్టిక డిస్కు మొట్టమొదటి సెక్టరులో, 64 బైట్లలో, 4 పద్దులుగా ఒదిగి ఉంటుంది. 512 బైట్ల సెక్టర్ల డిస్కులో సుమారు 2 టెరాబైట్లకు మించిన స్థలం దానికి అందదు. ఆ ఇరుకు తీర్చడానికి వచ్చిన జీపీటీ తన పట్టికను డిస్కు మొదట్లో ఒకటి, చిట్టచివర మరొకటి, రెండు ప్రతులుగా దాచుకుంటుంది.

చిక్కంతా ఇక్కడే. జీపీటీ ఎరుగని పనిముట్టుతో ఆ డిస్కు మీద కొత్త ఎంబీఆర్ హద్దులు గీస్తే మొదటి సెక్టరు మాత్రమే మారుతుంది. జీపీటీ ప్రతులు మిగిలిపోవచ్చు. లినక్సులోని ఎఫ్‌డిస్క్‌కు 2013లో యుటిల్-లినక్స్ 2.23 వచ్చేదాకా జీపీటీ తెలియనే తెలియదు. డిస్కు మొదట్లో కొన్ని మెగాబైట్లు సున్నాలతో నింపినవారికీ విముక్తి లేదు. చివరి ప్రతి చెక్కుచెదరదు.

అప్పుడు ఒకే స్థలానికి రెండు దస్తావేజులు ఉన్నట్లు. అదెంత ప్రమాదమో హైదరాబాదు వారికి విడమరచి చెప్పనక్కరలేదు. ఒక నిర్వహణ వ్యవస్థ కొత్త పట్టిక చదువుకొని ఏ ఇబ్బందీ లేకుండా నడుస్తుంది. మరొకదాని ఇన్‌స్టాలరుకు అదే డిస్కు ఖాళీగా కనబడుతుంది. పార్టెడ్ అయితే, ఇది జీపీటీ పట్టికేనా అని వాడుకరినే అడుగుతుంది! దస్తావేజు అసలుదో కాదో తేల్చవలసిన రిజిస్ట్రారు, కొనడానికి వచ్చినవాడినే అడిగినట్లుంది. పైగా ఆ ప్రశ్న ఆంగ్లంలో. తెలియక అవునని, ఆ పైన మార్పులు రాయనిస్తే, చచ్చిన పట్టిక లేచి బతికున్న హద్దులను చెరిపేస్తుంది. ఖాళీ అని నమ్మి కొత్త విభాగాలు గీసి ఫార్మాటు చేసినవారి గతీ అంతే. అక్కడ ఉన్నవి పిల్లల ఫోటోలు కావచ్చు, అను ఫాంట్లలో టైపు చేసి ఇంకా యూనికోడులోకి మార్చుకోని పదేళ్ళ రచనలు కావచ్చు.

"రెండో ప్రతి ఉన్నది ఆపదలో ఆదుకోవడానికి, దాన్ని చెరిపితే ఎలా?" అని కొందరు పెద్దలు వాదిస్తారు. మొదటి ప్రతి పాడైతే రెండోది ఆదుకోవాలి, నిజమే. కానీ యజమాని స్వయంగా కొత్త పట్టిక రాయమన్నప్పుడు పాతది ఆపద్బాంధవి కాదు, నకిలీ దస్తావేజు. అంత భయమైతే చెరిపే ముందు దాన్ని వేరే ఫైలులో దాచవచ్చు. వైప్‌ఎఫ్ఎస్‌లో ఆ సదుపాయం ఉండనే ఉంది. కనుక చేయలేమనడం చెల్లదు.

నేను కోరేది ఒక్కటే. కొత్త పట్టిక రాసే ప్రతి పనిముట్టూ పాత పట్టిక ప్రతులన్నిటినీ వెతికి, చూపి, అనుమతి అడిగి రద్దు చేయాలి. ఆ మర్యాద అన్నిటికీ అలవడేదాకా మన జాగ్రత్త మనదే. అవసరమైనదంతా వేరే చోట భద్రపరచుకున్నాకే, పేరు రెండుసార్లు సరిచూసుకొని, పూర్తి డిస్కు మీద వైప్‌ఎఫ్ఎస్ నడిపి, ఆ తరువాతే కొత్త హద్దులు గీయాలి. ఇప్పటికే రెండు పట్టికలూ కలగలిసిన డిస్కులకు, మిగిలిపోయిన జీపీటీని తొలగించడానికి రాడ్ స్మిత్ రాసిన ఫిక్స్‌పార్ట్స్ ఉంది. పాఠాలు చెప్పేవారు ఫార్మాటు కన్నా ముందు ఈ పట్టిక గురించి ఒక్క గంట చెబితే, ఆ గంట ఎందరి సొత్తునో కాపాడుతుంది.